అవ్వ కాళ్ల పీట

మా వెనకింటి అవ్వ పోయిందన్న కబురు మాకు పెద్దోళ్లెవరూ చెప్పలేదు. మా అక్క బిడ్డ చెప్పింది. దానికి ఇంకా మూడేండ్లు నిండలే. మధ్యాహ్నం పూట, చెడ్డీ లేకుండ, గడపల నిలబడి, "మామా, అవ్వ స్స్స్ అంటలేదు" అన్నది.

చెప్పి మళ్లీ వెనక వాకిట్లకు ఉరికింది. మా గౌడవెల్లిల ఏ మధ్యాహ్నమైనా ఒక మిక్సీయో, రైలో, కుక్కో ఏదో ఒకటి మోగుతనే ఉంటది. ఆ పూట ఏ సప్పుడూ లేదు. ఆ సప్పుడు లేకపోవుడే నన్ను లేపి తీసుకపోయింది.

అవ్వ ఎప్పటి లెక్కనే బొప్పాయి చెట్టు నీడకు, గోడకు ఒరిగి, చిన్న పీట మీద రెండు కాళ్లు చాపి కూసోని ఉన్నది. పిల్ల ఆ కాళ్ల మీద ఎక్కి కూసోని, అవ్వ చెయ్యి తన ఒళ్లె పెట్టుకున్నది. అవ్వ కండ్లు తెరిచే ఉన్నయి. ఎటో దూరం చూస్తున్నయి. పిల్లను కాళ్ల మీద కూసోబెట్టుకున్నప్పుడు ఆమె చూపు ఎప్పుడూ అట్లనే ఉండేది గనుక, చాలాసేపు నాకు తేడా తెల్వలేదు.

"అవ్వా," అని పిలిచిన.

పిల్ల మూతి మీద వేలు పెట్టుకున్నది. "సప్పుడు జెయ్యకు మామా. అవ్వ సూస్తాంది."

ఆమె పేరు నేను రాయను. మా గల్లీల ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్లను నేను చూడలేదు. పొద్దుగాల కంపెనీ బస్సు ఎక్కే ఆడోళ్లు పిల్లలను ఆమె దగ్గర దించి పోయేటోళ్లు. పాలు తాగే పిల్లలు, పాకే పిల్లలు, అప్పుడప్పుడే నడక వచ్చిన పిల్లలు. వాళ్లందరికీ ఆమె నేర్పింది ఒక్కటే: ఒంటికి, రెంటికి వచ్చేది ముందే తెలుసుకొని, భయం లేకుండ, ఏడుపు లేకుండ వదిలిపెట్టుడు. చదివేటోళ్లకు నవ్వు రావొచ్చు. ఇది గూడ ఒక స్మృతి రాసే ముచ్చటేనా అని. నవ్వండి. ఆమె గూడ నవ్వేది.

పిల్ల మెడ నిలబడంగనే మొదలుపెట్టేది. నిద్ర లేవంగనే, పాలు తాగినంక, స్నానానికి ముందు. కాళ్లు చాపి, రెండు పాదాల నడుమ కొంచెం సందు ఉంచి, ఆ పాదాల మీద పిల్లను కూసోబెట్టేది. పిల్ల మొకం తన దిక్కు. చంకల కింద రెండు చేతులు, గట్టిగ కాదు. ఆ తర్వాత పండ్ల సందుల నుంచి సన్నగ, "స్స్స్..." అని. వస్తే వచ్చింది. రాకపోతే జరసేపు చూసి ఎత్తుకునేది. "ఇప్పుడు మనసైతలేదంట" అనేది, పిల్ల తరఫున జవాబు చెప్తున్నట్టు. చెడ్డీల పోసుకున్న పిల్లను ఒక్క మాట అనేది కాదు. తుడిచి, పొడిబట్ట కట్టి, అదే ముచ్చట సాగించేది. "తిట్టు తలకాయల నిలవదురా, కడుపుల నిలుస్తది" అని ఆమె చెప్పిన మాట మా గల్లీల తల్లులందరికీ వస్తది.

పెద్దోళ్లను మాత్రం మస్తు తిట్టేది. అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం నాకు చిన్నప్పటి నుంచి మింగుడు పడలే. పిల్లకు వచ్చే ముందట అవ్వ గూడ కదలకుండ అయిపోయేది. రెప్ప కొట్టేది కాదు. పిల్ల ఆమె భుజం మీది నుంచి ఎటు చూస్తే, ఆమె గూడ తల తిప్పి అటే చూసేది. అక్కడ గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. జరసేపటికి పిల్ల ఒళ్లు ఒకసారి జలదరించేది. ఆమె ఒళ్లు గూడ జలదరించేది. అప్పుడు సన్నటి ధార.

"ఏం జూస్తవే అవ్వా అటు?" అని ఒకసారి అడిగిన.

"వచ్చేది సూస్త."

"ఏమొస్తది?"

"ఉచ్చ రా. నువ్వేమనుకున్నవ్, విప్లవమా?"

ఆ వాకిట్ల ఉన్న ఆడోళ్లందరూ పడీపడీ నవ్విన్రు. నా చేతుల ఎప్పుడూ ఏదో ఒక కరపత్రం ఉండేది గనుక ఆమె నన్ను లీడరని పిలిచేది. పిల్ల కాళ్ల మీద ఉన్నంతసేపు దాన్ని పేరు పెట్టి పిలువనిచ్చేది కాదు. "పిలిస్తే వెనక్కి మల్లి చూస్తది. సగం దూరం పోయినదాన్ని ఎందుకు మలుపుతవ్?" అనేది. ఎక్కడికి సగం దూరం అని నేను కొట్లాడిన. చీకట్ల నమ్మకాలు పిల్లలకు ఎక్కించొద్దని ఉపన్యాసం ఇచ్చిన. ఆమె తంబాకు నలుపుకుంట విన్నది. "అయిపోయిందా? నీళ్ల చెంబు ఇటియ్యి" అన్నది.

ఆమె ఆ సప్పుడు చేస్తే గోడకు అవతలి ఇండ్లల్ల ఉయ్యాలల పండుకున్న పిల్లలు గూడ తడిపేటోళ్లు. మా అమ్మ దీన్ని ప్రమాణం చేసి చెప్తది. పిల్లలదాకా ఎందుకు, డిగ్రీ పాసైన నాకే ఆ సప్పుడు చెవుల పడితే చదివే కాగితం పక్కన పెట్టి లేవాల్సి వచ్చేది.

డైపర్ల మీద నేను పెద్ద యుద్ధమే చేసిన. జవహర్‌నగర్ చెత్త గుట్టల మీద ఎన్ని పడుతున్నయో, అవి మట్టిల కలువవని, ఆ వాసన పీల్చే పిల్లలెవరని, ఇంటింటికీ తిరిగి చెప్పిన. ఆమె నా దిక్కు ఉంటదని నా ధీమా. ఆమె ఏమన్నది? "బస్సుల పోయేటప్పుడు కట్టుకుంటరు, జొరమొచ్చినప్పుడు కట్టుకుంటరు. దినమంతా కంపెనీల నిలబడొచ్చిన తల్లి గుడ్డలెప్పుడు పిండుతదిరా? నువ్వొచ్చి పిండుతవా?" నేను పిండుతనన్న. "పట్టు మరి" అని ఒక బకెట్ ముందర పెట్టింది. పిండిన. ఆ తర్వాత గూడ నా మాట నేను చెప్తనే ఉన్న, కాకపోతే గొంతు కొంచెం దించి.

మా అక్క మందుల కంపెనీల ప్యాకింగుకు పోతది. పోయిన ఎండకాలం పిల్లను మేడ్చల్ దిక్కు ఒక ప్లే స్కూల్ల వేసింది. మూడో దినమే పిల్ల చెడ్డీల పోసుకున్నదని తడి చెడ్డీతోని గోడ దిక్కు మొకం పెట్టి నిలబెట్టిన్రు. మిగిలిన పిల్లలతోని "షేమ్ షేమ్" అనిపించిన్రు. ఆ దినం సంది పిల్ల బాత్రూం తలుపు చూస్తేనే బిర్రబిగుసుకునేది. కడుపు ఉబ్బేది, ఏడ్చేది, వదిలేది కాదు. నేను ఆ బడి మీదికి పోనీకె తయారైన. కాగితాలు అచ్చు వేయించి గేటుకు అతికిస్తనన్న.

అవ్వ నా అంగీ పట్టుకొని గుంజింది. "పో, కొట్లాడు, నేనొద్దంటలే. గని పిల్ల ముందర ఒర్రకు. నువ్వు ఒర్రుడు దానికి ఇంకో గోడ." పిల్లను తీసుకపోయి కాళ్ల మీద కూసోబెట్టుకున్నది. అంత పెద్ద పిల్లను, పసిగుడ్డును కూసోబెట్టుకున్నట్టు. సప్పుడు గూడ చెయ్యలేదు. ఊకెనే ముచ్చట పెట్టింది. అట్ల ఎన్నో పూటలు. ఒక పొద్దు పిల్లనే అడిగింది, "అవ్వా, స్స్ అను" అని. ఆమె అన్నది. పిల్ల వదిలింది. మా అక్క దర్వాజ పట్టుకొని ఏడ్చింది.

బడి సంగతి నేను వేరేగ చూసుకున్న. అదిక్కడ రాయను.

అవ్వ పోయిననాడు గూడ పిల్ల అట్లనే అడిగి ఉంటది. అడిగి, కూసోని, ఎదురుచూసి ఉంటది. ఎంతసేపో ఎవలకూ తెల్వదు. ఆ పూట నుంచి పిల్ల వదలలేదు.

మా అక్క కాళ్లు చాపి కూసోబెట్టుకొని "స్స్" అన్నది. పిల్ల తల అడ్డంగ ఊపింది. "నువ్వు కాదు." మా అమ్మ అన్నది. "నువ్వు కాదు." సిగ్గు ఇడిసి నేను గూడ అన్న. నా మొకం చూసి జాలిపడ్డట్టు చూసింది. "అవ్వ అనలే," అని చెప్పింది మెల్లగ. మొదటి రాత్రి నిద్రల పక్క కొంచెం తడిసింది. రెండో దినం సాయంత్రం నుంచి అది గూడ బందైంది. నీళ్లు తాగనంటది. పొత్తికడుపు రాయి లెక్క. ఇంకొకటి గూడ చెప్పాలె: అవ్వ ఇంటికి తాళం పడ్డది, గని మధ్యాహ్నం ఆ యాళ్లకు గల్లీల పాకే పిల్లలు ఆట ఆపి, ఆ తాళం దిక్కు తలలు తిప్పి చూసిన్రు. నేను కండ్లార చూసిన.

మూడో దినం పొద్దుగాల డాక్టర్ దగ్గరికి తీసుకపోతే, గోరువెచ్చని నీళ్లల్ల కూసోబెట్టుమన్నడు. పదకొండింటికల్లా ఉచ్చ రాకపోతే మళ్లీ తీసుకరమ్మన్నడు, సన్నటి గొట్టం వేసి తియ్యాలన్నడు. నీళ్లల్ల కూసోబెడితే పిల్ల నీళ్లను చూసుకుంట కూసున్నది, అంతే. గొట్టమన్న మాట తల్చుకొని మా అక్క పిల్లను ఒళ్లెకు గుంజుకున్నది. ఒక్కసారి భయపడితేనే ఎన్ని నెలలు పట్టింది, ఇప్పుడు పట్టుకొని గొట్టం వేస్తే ఈ పిల్ల మళ్లీ ఎప్పుడు దారికొస్తది?

అదే పొద్దు అవ్వకు పిట్టకు పెట్టుడు. మా దిక్కు మూడొద్దుల నాడు, పూడ్చిన బొంద మీద అన్నం, కూర పెట్టి దూరం జరుగుతరు. కాకి వచ్చి ముట్టాలె. ముట్టకపోతే పోయినోళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. ముట్టేదాక ఎవలూ కదలొద్దు. "పెట్టి అటు సంది అటే దవాఖానకు పోదాం," అన్నది అక్క. పిల్లలను బొందలగడ్డకు తేవద్దని ముసలోళ్లు కోపం చేసినా ఎత్తుకొచ్చింది. ఆటో బయట నిలబెట్టినం.

అన్నం పెట్టిన్రు. కోడికూర, కల్లు, తంబాకు పెట్టిన్రు. తుమ్మచెట్టు మీద కాకి ఒకటి వాలింది. వాలి, అక్కడనే కూసున్నది. అరవదు, దిగదు. గాలి లేదు. తుమ్మాకు ఒక్కటి కదలలేదు.

అవ్వ కొడుకు లారీ నడుపుతడు. చేతులు జోడించిండు. "అమ్మా, ఇల్లు అమ్మను. నీ మీద ఒట్టు." కాకి కదలలే. "చెల్లెను మంచిగ చూసుకుంట." కదలలే.

"కల్లు తక్కువైందేమోరా," అన్నడు ఒక తాత.

"నీకా, ఆమెకా?" అన్నది పక్కన ముసలమ్మ.

టైం పది దాటింది. పిల్ల అక్క భుజం మీద మొకం పెట్టి సన్నగ మూలుగుతాంది. నాకు ఆగలేదు. "పిట్ట ముట్టకపోతే ఏమైతది? ఈడ పిల్ల పానం పోతాంది! లే అక్కా, పోదాం!" అని ఒర్రిన. అందరూ నా దిక్కు మల్లిన్రు. అక్క కదలలేదు. ఆమె నన్ను చూస్తలేదు, పిల్లను చూస్తాంది. పిల్ల మూలుగు ఆగింది. తల ఎత్తి, కొత్త మట్టి మీది నుంచి ఎటో దూరం చూస్తాంది. రెప్ప కొడతలేదు.

అక్క ఉన్నకాడనే నేల మీద కూసోని కాళ్లు చాపింది. పిల్లను పాదాల మీదికి దించింది.

"ఏయ్, గీడనా?" అన్నడు అవ్వ కొడుకు. "మా అమ్మ బొంద కాడనా?"

"ఊకో," అన్నది ముసలమ్మ.

అక్క నోరు తెరిచింది. ఏడ్చి ఏడ్చి ఎండిన నోరు. సప్పుడు రాలే. పెదవులు అట్లనే తెరుచుకొని ఉన్నయి. నేను పిల్లను పేరు పెట్టి పిలువబోయిన. ఎందుకో నాలుక ఆగిపోయింది.

అప్పుడు వినబడ్డది. సన్నగ, పండ్ల సందుల నుంచి. స్స్స్...

పిల్ల ఒళ్లు జలదరించింది. అక్క పాదాల సందుల నుంచి పిల్ల ధార పడ్డది. ఆగకుండ, చాలాసేపు. ఎండిన మట్టిల వంకర టింకరగ పారింది. పిల్ల ఊపిరి పెద్దగ వదిలింది, నవ్వింది. అక్క గూడ నవ్వింది, ఏడ్చింది. ఎవలం చూస్తలేని ఆ జరసేపట్లనే కాకి దిగి అన్నం ముట్టింది. ముట్టిందని తాత అరిస్తేనే మాకు తెలిసింది.

ఆటో దాక నడుచుకుంట ముసలమ్మ అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి, "మంచిగన్నవు బిడ్డా, అచ్చం ఆమె లెక్కనే" అన్నది.

"నేను అనలే," అన్నది అక్క. "నువ్వు కాదా?"

"అట్ల అననీకె నాకు పండ్లేడున్నయే?" అన్నది ముసలమ్మ.

ఒకరినొకరు అడుక్కున్నరు. ఎవలూ అనలేదంట. నేను హేతువును నమ్మేటోన్ని. గాలి అని రాద్దామనుకున్న. గాలి లేదని పైన నేనే రాసుకున్న. కొట్టివెయ్యబుద్ధి కాలేదు. నాకు తెలిసిందింతే: ఆమె రుణం మా గల్లీ పిల్లల ఒంట్ల ఉన్నది. బిగుసుకోకుండ, సిగ్గుపడకుండ, ఎవలకూ భయపడకుండ పెరిగే ఒంట్ల.

గేటు కాడ ఒకసారి వెనక్కి చూసిన. కాకి కూరను ఇడిసిపెట్టింది. కల్లును ఇడిసిపెట్టింది. ఆ తడి మట్టి అంచుకు వచ్చి, తల ఒక పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు కదలకుండ నిలబడ్డది.