ఆ రోజు కారు ఆపమన్నాను

మావారు సౌదీలోని తబూక్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా పనిచేసేవారు. అక్కడి ప్రభుత్వం కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీ పన్ను పెట్టాక చాలామంది భార్యాపిల్లల్ని ఇండియాకి పంపేశారు. మా స్వాతి ఐదో తరగతి పరీక్షలు అయ్యేదాకా మేం ఎలాగో ఆగాం.

పరీక్షలు దగ్గరపడ్డాక, పై ఫ్లాట్‌లో ట్యూషన్ చెప్పే శారద గారు పిల్లలందరి ముందూ స్వాతిని మానిపించేశారు. "దీనికి భిన్నాలు ఈ జన్మకి రావండీ. లెవీ కట్టి ఉంచుకోవడం దండగ, ఎగ్జిట్ వీసా కొట్టించి ఇండియా పంపేయండి" అన్నారు నాతో. స్వాతి ఆ రోజు అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పగతోనే దాన్ని కూర్చోబెట్టుకుని, రొట్టెలు ముక్కలు చేసి మరీ భిన్నాలు నేర్పాను.

లెక్కల పరీక్ష రోజు ఉదయం మా కారు గేటు దాటుతుంటే శారద గారు స్వాతి క్లాసే చదివే తన కూతురు నిత్యతో రోడ్డు మీద నిలబడి చేతులూపుతున్నారు. ఆమె భర్త డ్యూటీలో ఇరుక్కుపోయారట. అప్పట్లో అక్కడ ఆడవాళ్ళు కారు నడపకూడదు.

"ఆపాల్నా, పోనియ్యాల్నా?" అన్నారు మావారు.

"ఆపుండ్రి" అన్నాను.

దారిలో నిత్య ఏడుపు మొదలుపెట్టింది. "అమ్మా, భిన్నాల కూడిక మర్చిపోయా!" శారద గారు కంగారుగా నిత్య బ్యాగులో నోట్సు కోసం వెతకసాగారు.

"స్వాతీ, జెర నువ్వు చెప్పు బిడ్డా" అన్నాను గట్టిగా.

స్వాతి ఓపిగ్గా చెప్పింది. నేను వెనక్కి తిరిగి శారద గారి ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆమె కిటికీ వైపు తిప్పుకున్న తల స్కూలు వచ్చేదాకా ఇటు తిప్పలేదు.

పిల్లలిద్దరూ పాసయ్యారు. బిల్డింగ్‌లో అందరూ నాది పెద్ద మనసని మెచ్చుకున్నారు. నేను చేసింది సాయం కాదు, పగ తీర్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.