అలిగిన బాక్టీరియా

మా బాబాయిగారికి ఒకటే పిచ్చి. ల్యాబులో ఏ పని చెడినా బాక్టీరియా అలిగిందంటారు. వరసకి ఆయన మాలో ఎవరికీ బాబాయి కారు గానీ, ల్యాబంతా అలాగే పిలుస్తుంది.

మా పని బాక్టీరియా చేత వెండి చేయించడం. వెండి ఉప్పు కలిపిన నీళ్లలో వాటిని వదిలితే, దాన్ని కంటికి ఆనని వెండి రేణువులుగా మార్చేస్తాయి. పుండ్లకు కట్టే పట్టీల్లోకి ఆ రేణువులు కావాలి. పని జరిగితే లేతపసుపు నీళ్లు కాఫీరంగుకి తిరుగుతాయి. తిరక్కపోతే బాబాయిగారు ఫ్లాస్కు పక్కనే స్టూలు వేసుక్కూర్చుంటారు.

"ఏం తల్లీ, ఎవరేమన్నారు? కాస్త ఎంగిలి పడండి."

ఒకసారి మా సీనియరొకాయన ఫ్లాస్కులను ఊపే యంత్రం స్విచ్చి వేయకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. "ఉయ్యాల ఊపలేదని అలిగాయి," అన్నారు బాబాయిగారు. ఇంకొకావిడ చేతిలోంచి ఫ్లాస్కు జారి ముక్కలైతే, "అలిగి దూకేసింది పాపం," అంటూ తనే చీపురందుకున్నారు.

"ఇంట్లో నేను అలిగితే మాత్రం ఈయనకి అజాపజా తెలియదు," అని పిన్నిగారు నా దగ్గర వాపోయేవారు.

ఆ మధ్య ల్యాబులో ఒకమ్మాయి కొత్తగా చేరింది. ఇంట్లో పళ్లొస్తున్న పసివాడు, కంటికి నిద్ర లేదు. ఆమెని ఉంచాలా పంపాలా అన్నది తేల్చడానికి డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. చూస్తే ఆమె ఫ్లాస్కులన్నీ లేతపసుపుగానే ఉన్నాయి. అమ్మాయి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరుగారు.

"అలిగాయండీ. నిన్న నేనే కోప్పడ్డాను," అన్నారు బాబాయిగారు.

"మీరా? మీకు కోపం కూడా వస్తుందా?"

"నిన్ననే మొదలుపెట్టానండీ."

డైరెక్టరుగారికి నవ్వాగలేదు. "సరే, సోమవారం దాకా బతిమాలుకోండి. అమ్మాయి సంగతి అప్పుడే చూద్దాం," అని వెళ్లిపోయారు.

అమ్మాయి మళ్లీ మొదటినుంచీ చేసింది. బాక్టీరియాకి మేతగా పోసే ద్రవాన్ని మరిగించి దించగానే, బాబాయిగారు వచ్చి పిల్లాడి పళ్ల గురించి ఎడతెగని కబుర్లు పెట్టుకున్నారు. అది చల్లారాక గానీ లేవలేదు. సోమవారానికి నీళ్లు కమ్మని కాఫీరంగుకి తిరిగాయి, ఆమె ఉద్యోగం ఖాయమైంది. అందరం చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల ఉండబట్టలేకపోయింది.

"బాబాయిగారూ, అప్పుడవి అలగలేదండీ. నిద్రమత్తులో వేడివేడి ద్రవంలో వేసి నేనే చంపేశాను."

"తెలుసమ్మా. బతికుంటే అవి పెరిగి నీళ్లు మసకబారేవిగా."

నేను నోరెళ్లబెట్టాను. ఇన్నేళ్లుగా ఆ అలకల చాటున ఆయన మా పొరపాట్లను దాస్తున్నారని అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"మరి నన్నొక్క మాటైనా అనలేదేం?" అంది అమ్మాయి.

"నింద మొయ్యడానికి అవి కోట్లకొద్దీ ఉన్నాయి. నువ్వొక్కదానివి ఎంతని మోస్తావే?"

అమ్మాయి ఏడవబోయి నవ్వేసింది.