తొక్కు జాడీకి ఏం కాలేదు

జీపు నడపడంలో మా చిన్నాయనకు ఒకటే గర్వం: ఇంతవరకు దేన్నీ గుద్దలేదు. ఎక్కడికి పోయినా దిగగానే బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గీత పడలేదని చూసుకున్నాకే మంచినీళ్లు ముడతాడు. మహారాష్ట్రలోని మా సిరోంచ దారుల్లో బర్రెకు తగలకుండా నడపడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను.

ఆ ఎండాకాలం నాయినమ్మను అంకిసలో అత్త ఇంటికి తీసుకుపోతున్నాం. ఏటా మామిడికాయ తొక్కు జాడీని ఆమే పట్టుకుపోయి, అక్కడ తన చేత్తో మూత తీసి, మొదటి ముద్ద కూతురికి పెట్టాలి. అంతవరకు దాన్ని ఎవరూ ముట్టకూడదు. అందుకే వెనక సీటు మధ్యలో కూర్చుని జాడీని రెండు చేతులా పొదువుకుంది. తనను తాను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

రోడ్డు తవ్వి పెట్టారు.

"గీ రోడ్డు కన్న పొలమే నున్నగున్నది చిన్నాయనా," అన్నాను, నవ్వించడానికి.

ఆయన నిజంగానే పొలంలోకి దించాడు. కోత అయిన మళ్లు. బండి బాగానే పోయింది, ఎండి రాయిలా బిగుసుకున్న గట్టు ఒకటి అడ్డం వచ్చేదాకా. జీపు ఎగిరింది. నాయినమ్మ దానికంటే పైకెగిరి సీటు మీద కూలబడింది.

చిన్నాయన దిగి, అలవాటు కొద్దీ బండి చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏం గాలే."

"జాడీకి గూడ ఏం గాలే కొడకా," అంది నాయినమ్మ. "నాకే లేవస్తలేదు."

దవాఖానలో డాక్టరు దేన్ని గుద్దారని మరాఠీలో అడిగాడు. దేన్నీ గుద్దలేదనీ, బండి మీద గీత కూడా లేదనీ చిన్నాయన గట్టిగా చెప్పాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. నడుము దగ్గర వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయింది. ఆరు వారాలు మంచం. మళ్లీ బండి ఎక్కగలదో లేదో ఆ తర్వాత చెబుతానన్నాడు.

ఆ రోజు నేను ఇంకో జోకు వేయలేదు. నాకూ ఎక్కడో తగిలిందని ఇంట్లోవాళ్లు అనుమానపడ్డారు.

అత్త చూడడానికి వచ్చింది. "ఈడనే మూత తియ్యరాదే అమ్మా."

"నీ ఇంట్లనే తీస్త. నేను రాకుంటే అది గట్లనే ఉంటది."

ఆ మాటకు చిన్నాయన లేచి బయటికి పోయి, జీపు మీద పరదా కప్పేశాడు. శవం మీద కూడా అంత శ్రద్ధగా కప్పరు.

ఆరు వారాలు అన్నది ఎనిమిదైంది. మెల్లగా పోవచ్చని డాక్టరు చెప్పిన మర్నాడే నాయినమ్మ నడుముకు పట్టీ బిగించుకుని జీపు తియ్యమంది.

"నాతోని గాదమ్మా. బస్సుల పోరాదా?"

"బస్సు నడిపేటోడు నాకు కొడుకా ఏంది?"

ఈసారి ఆమెది ముందు సీటు, బెల్టు, చెయ్యి పిడి మీద. జాడీ నా ఒళ్లో. చిన్నాయన రోడ్డు వదల్లేదు. ప్రతి గుంత ముందూ ఆగి, ఆలోచించి దాటాడు. సైకిల్ మీద ఒక ముసలాయన మమ్మల్ని దాటిపోతూ జాలిగా చూశాడు.

అంకిసలో దిగి చిన్నాయన బండి చుట్టూ తిరగలేదు. నేరుగా వచ్చి తలుపు తీసి చెయ్యి అందించాడు. నాయినమ్మ మెల్లగా నడిచి లోపలికి పోయి, మూత తీసి, ముద్ద కలిపి కూతురికి పెట్టింది. రెండోది కొడుకు నోట్లో పెట్టింది. ఆయన నములుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"కారం," అన్నాడు.

ఆ ఏడు తొక్కులో కారం తక్కువే పడింది. ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు.