యాకోబు వంతు ఆదివారం

1998 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, ఉప్పాడ దాటాక ఉన్న ఒక జాలరిపల్లెలో, ప్రార్థన గది తూర్పు గోడ నుంచి సముద్రపు అంచు దాకా టేపు పట్టించాను. ఇరవై ఆరు మీటర్ల నలభై సెంటీమీటర్లు వచ్చింది. క్రితం వేసవిలో అదే గోడ నుంచి నేనే కొలిచినప్పుడు నలభై ఒక్క మీటర్లు ఉంది.

నేను అప్పుడు మండల సర్వేయరును. సముద్రం ఒడ్డును కోసేస్తోందని, ఆ పల్లెను రెండు కిలోమీటర్లు లోపలికి, ప్రభుత్వ భూమిలోకి మార్చాలని రెవెన్యూ ఆఫీసు నిర్ణయించింది. కొత్త కాలనీకి ప్లాట్ల పటం గీయడం నా పని. ప్రార్థన గదికి కూడా ఐదు సెంట్లు ఇవ్వమని పల్లెవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. దానికి వేరే ఫారం ఉండేది. పాత కట్టడంలో ఇప్పటికీ ఆరాధన జరుగుతోందా, జరిపించినవారి పేరేమిటి, వారి సంతకం, సర్వేయరు స్వయంగా చూశాడా. ఆ గడులు నిండకపోతే ఆ ఐదు సెంట్లు ఇళ్ళ ప్లాట్లలో కలిసిపోతాయి. పటం ఆమోదమయ్యాక మార్చడానికి వీలుండదు. అందుకే ఆదివారం వెళ్ళాను.

నాతో చైన్‌మన్ సత్యం వచ్చాడు. వెనకటి రోజుల్లో కొలిచే గొలుసు రెండో కొస పట్టుకునే ఉద్యోగి చైన్‌మన్. గొలుసు పోయి టేపు వచ్చినా పేరు మారలేదు. సత్యం రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు.

"పడవ నీడన కూచుంటానండి. వీళ్ళు నన్ను పట్టుకుని బాప్తిస్మమని నీళ్ళలో ముంచారంటే ఈ వయసులో జలుబు తగ్గదండి," అన్నాడు.

నేను లూథరన్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. విశ్వాసులందరూ యాజకులే అన్న మాట చిన్నప్పుడు కంఠస్థం చేశాను. కానీ మా చర్చిలో పాస్టరు గారు చెబుతారు, మేం ఆమెన్ అంటాం. అంతకుమించి ఆ మాటతో నాకు పని పడలేదు. ఈ పల్లెలో ఏనాడూ పాస్టరు లేడు. గోడ మీద అట్టముక్కకు ఒక జాబితా అతికించి ఉంది. పంతొమ్మిది పేర్లు, ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ. ఆదివారానికి ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్ళే ప్రార్థన చేసి, వాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పి, రొట్టె విరవాలి. పల్లె పెద్ద దావీదు గారు నాకు ఆ జాబితా చూపించారు. ఆ రోజు పేరు యాకోబు.

"యాకోబు గారు ఎవరండి?" అని అడిగాను.

"తొంభై ఆరు తుఫానులో పోయాడండి. పడవా రాలేదు, మనిషీ రాలేదు."

జాబితాలో అలాంటి పేర్లు నాలుగు ఉన్నాయని చెప్పారు. ఎందుకు తీసేయలేదని అడిగితే ఆయన నా వంక కాస్త వింతగా చూశారు. "ఆ పని మేం ఇచ్చింది కాదు కదండీ, మేం తియ్యడానికి," అన్నారు.

పది గంటలకు యాకోబు భార్య కాంతమ్మ తలుపు తీసి, బల్ల మీద రొట్టె, గిన్నె, తెరిచిన బైబిలు పెట్టి, వెనక్కి వచ్చి ఆడవాళ్ళలో కూర్చుంది. బల్ల వెనక ఎవరూ లేరు. నలభై మంది దాకా ఉంటారు. నేను చివరి వరుసలో కూర్చుని, అలవాటు కొద్దీ పుస్తకంలో టైములు రాసుకున్నాను.

పది గంటల నాలుగు నిమిషాలకు అందరూ లేచారు. ఎవరు ముందు లేచారో పట్టుకోవాలని చూశాను. ఏ గీతకైనా మొదలు ఒకటి ఉండాలి, అక్కడ రాయి పాతితేగాని మా వృత్తిలో కొలత సాగదు. నాకు మొదలు దొరకలేదు. పది గంటల పదకొండుకు కూర్చున్నారు. పేజీలు తిప్పారు. అది కళ్ళు మూసుకుని చేసే మౌనప్రార్థన కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, అందరి చూపూ బల్ల వెనక, నిలబడ్డ మనిషి మొహం ఉండేంత ఎత్తులో ఉంది. ముందు వరుసలో ఒక ముసలామె సరిగా వినపడనట్టు చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. ఒకాయన అవునన్నట్టు తలాడించాడు. అల విరిగినప్పుడల్లా గచ్చు కింద అదురు తెలిసేది. మరే చప్పుడూ లేదు.

పది ముప్పై రెండుకు అందరూ నవ్వారు. పెద్దగా కాదు. తెలిసిన మనిషి తెలిసిన హాస్యం ఆడితే నవ్వే నవ్వు. పది నలభైకి ఆమెన్ అన్నారు. రొట్టె చేతి నుంచి చేతికి నా దాకా వచ్చింది. ఎవరు విరిచారో నేను చూడలేదు.

బయటికి రాగానే సత్యం అడిగాడు. "లోపల పాట లేదు, మాట లేదు. నిద్రపోయారనుకున్నానండి. ఇంతలో నవ్వులు. ఏం చెప్పారేంటండీ?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు."

"ఊరుకోండి సార్. అందరికంటే మీ నవ్వే గట్టిగా వినపడింది."

నేను నవ్వినట్టు నాకు జ్ఞాపకం లేదు. నా పుస్తకంలో ఆ టైము దగ్గర 'నవ్వారు' అని ఉంది. అక్షరాలు నావే.

అందరూ ఎందుకు నవ్వారని కాంతమ్మను అడిగాను. "ఆయ్, ఆ వాక్యం దగ్గర ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవారండి. పేతురు వలలు వదిలేసి ప్రభువు వెంట పోయాడు సరే, ఆ పూట చేపలు అమ్మిందెవరు? పేతురు పెళ్ళాం! అని నా వంక చూసేవారు. నాకు ఒళ్ళు మండేదండి," అంది. ఆ మాట అంతకుముందు నేను ఎక్కడా విని ఎరగను.

ఫారం తీశాను. జరిపించినవారి పేరు, సంతకం. దావీదు గారు పెన్ను అందుకున్నారు. "నేను పెట్టేస్తాను రాయండి సర్వేరు గారూ. స్థలం ముఖ్యం."

కాంతమ్మ అడ్డం వచ్చింది. "మీ వంతు వచ్చే నెల కదా మావయ్యా. ఇవాళ మీరు చేశారా?"

"కాయితం కోసమే అమ్మా."

"కాయితంలో ఆయన లేరంటే ఇంకెక్కడ ఉన్నట్టు? ఒడ్డున అయితే గొయ్యి కూడా లేదు."

దావీదు గారు పెన్ను నా చేతికి ఇచ్చేసి సముద్రం వైపు తిరిగారు.

అంతకు ఆరు నెలల ముందు నా భార్య పోయింది. మా చర్చి స్త్రీల సమాజం జాబితాలో ఆమె పేరు మరుసటి ఆదివారానికే కొట్టేశారు. అది పద్ధతి. అప్పుడు నాకు తప్పనిపించలేదు.

పేరు గడిలో యాకోబు అని రాశాను. సంతకం గడి ఖాళీగా వదిలి, కింద 'ఆరాధన స్వయంగా చూశాను' అని నా సంతకం పెట్టాను.

ఫైలు వారానికి కొర్రీతో తిరిగి వచ్చింది. కొర్రీ అంటే పై అధికారి వేసే అభ్యంతరం. ఎమ్మార్వో గారు నన్ను గదిలోకి పిలిచి, తుఫాను మృతుల జాబితా ముందు పెట్టారు. అందులో యాకోబు పేరు ఉంది. "చచ్చిపోయినవాడు ఆరాధన జరిపించాడని గవర్నమెంటుకు రాస్తారేంటండీ?" అన్నారు. ఆయన కోపంగా లేరు. నా ఇంటి సంగతి తెలిసినవారు కనక మెత్తగానే మాట్లాడారు. చూసింది రాశానని చెప్పాను. ఫైలు మీద ఆయన రెండు వాక్యాలు రాశారు. స్థలం ఇవ్వవచ్చు. అయితే నియమిత పాస్టరు పేరు, సంతకం సమర్పించాలి.

స్థలం వచ్చింది. వర్షాలకు ముందే పల్లె మారింది. పట్నం నుంచి ఒక పాస్టరు గారిని తెచ్చుకున్నారు. మంచి మనిషి. సముద్రంలో పోయిన నలుగురి పేర్లు రాతి మీద చెక్కించి గుమ్మం పక్కన పెట్టించారు. వంతుల జాబితా కొత్త గదిలోకి రాలేదు.

కాంతమ్మ ఒకసారి మా ఆఫీసుకు వచ్చింది. చేపల గంప వరండాలో దించి, లోపలికి వచ్చి నిలబడింది. "ఈ నెల మూడో ఆదివారం మా ఆయన వంతండి. పాస్టరు గారికి మీరు ఒక మాట చెప్పండి. మీరు చూశారు కదా," అంది. అది నా అధికారంలో లేదని చెప్పాను. నిజమే చెప్పాను. ఆమె వరండాలోకి వెళ్ళి గంప ఎత్తుకుంది.

దావీదు గారి సంతకం తీసుకుని ఉంటే కొర్రీ పడేది కాదు. స్థలమూ వచ్చేది, వంతులూ సాగేవి. ఉన్నది ఉన్నట్టు రాయడమే సర్వేయరు పని అని ముప్పై రెండేళ్ళ సర్వీసులో నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. రాసిన కాగితం ఎవరి బల్ల మీదకు వెళుతుందో కూడా రాసేముందే చూసుకోవాలని ఆ ఫైలు నేర్పింది.

పాత గది ఉన్న చోట ఇప్పుడు నీళ్ళే. కాలనీ గదిలో పాస్టరు గారు ఒక్కరే మాట్లాడతారు. బతికున్నవాళ్ళకు గానీ, పోయినవాళ్ళకు గానీ అక్కడ ఇప్పుడు వంతులు వెయ్యరు.