శుక్రవారం హాజరు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. లేత్ మిషన్లు ఆరు కొన్నట్టు బిల్లులున్నాయి, షెడ్డులో ఉన్నవి రెండే. పోయినవి నాలుగు, ఒక్కొక్కటి పదకొండు వేల అయిదు వందల చొప్పున నలభై ఆరు వేల దిర్హాములు. పుస్తకాలు నాలుగు వందలు కొన్నారు, అలమారాలో అరవై రెండు దొరికాయి. మిగిలిన మూడు వందల ముప్పై ఎనిమిదికి ముప్పై అయిదు చొప్పున పదకొండు వేల ఎనిమిది వందల ముప్పై. వర్క్‌షాపు పేరున కొన్న ఏసీలు ఎనిమిది, వర్క్‌షాపులో తిరుగుతున్నవి మూడు. మిగతా అయిదూ ఎక్కడికీ పోలేదు, ప్రిన్సిపాల్ ఇంట్లో చల్లగా ఉన్నాయి. కాలేజీకి మాత్రం పోయినట్టే కాబట్టి వాటికి పదకొండు వేలు. విద్యార్థుల స్టైపెండు కింద తీసింది డెబ్బై రెండు వేల ఏడు వందల ఇరవై, అందులో విద్యార్థుల చేతికిచ్చింది తొమ్మిది వందల యాభై. అక్కడ పోయింది డెబ్బై ఒక్క వేల ఏడు వందల డెబ్బై. మొత్తం లక్షా నలభై వేల ఆరు వందల దిర్హాములు.

ఈ కూడిక మెషీన్ మీద చేసింది కాదు. నేను ఏడో తరగతి వరకే చదివాను. లెక్క నాకు ఏ పంతులూ నేర్పలేదు, మా జగిత్యాల వైపు బీడీ కార్ఖానాలో కట్టలు లెక్కపెడుతూ నేర్చుకున్నాను. తర్వాత రాస్ అల్ ఖైమా కంకర క్వారీలో లారీల లెక్క రాశాను. అక్కడ నా కూడికలు చూసి దుబాయ్‌లో ఆడిట్ ఆఫీసు నడిపే సూడాన్ పెద్దమనిషి తన దగ్గరకు పిలుచుకున్నాడు. ఆయనను అందరం ముదీర్, అంటే మేనేజరు, అనేవాళ్ళం. డిగ్రీలున్న ముగ్గురు అక్కడ టై కట్టుకుని కూర్చునేవారు. కూడిక తప్పినప్పుడు మాత్రం కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు.

ఎనభైల మొదట్లో ఏడు రాజ్యాల ఉమ్మడి సర్కారు పని నేర్పే కాలేజీలకు ధారాళంగా డబ్బిచ్చేది. ఇచ్చినదాని లెక్క ఏడాదికోసారి బయటి ఆడిటరు చూడాలని నియమం. అట్లా నన్ను మూడు వారాలకు రాస్ అల్ ఖైమాలోని ఒక కాలేజీకి పంపారు. కాలేజీ అంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు గదులు, గేటు మీద పెద్ద బోర్డు. ఉన్నవాటిలో బాగున్నది బోర్డే.

ప్రిన్సిపాల్‌ది ఏ దేశమో రాయను. రాస్తే ఆ దేశం వాళ్ళకు కోపం వస్తుంది. రాయకపోతే చదివిన ప్రతివాడికీ తనకు తెలిసిన ఒక పెద్దమనిషి గుర్తుకొస్తాడు, అదే మేలు. మొదటి రోజు నాకు ఖర్జూరాలు పెట్టి, చదువు దానం లాంటిదని, దానాన్ని లెక్కపెట్టకూడదని ఉపదేశించాడు. నేను ఆ ఖర్జూరాల గింజలు లెక్కపెట్టి పళ్ళెంలో పెట్టాను. తొమ్మిది.

లేత్‌లు, పుస్తకాలు, ఏసీలు మొదటి వారంలోనే తేలిపోయాయి. వాటికి తెలివేమీ అక్కర్లేదు, చూపుడు వేలు చాలు. మిగిలింది స్టైపెండు. సైట్లలో కూలి చేసేవాళ్ళకు సాయంత్రం వెల్డింగ్ నేర్పేందుకు ఒక బ్యాచ్ పెట్టారు. క్లాసుకు వస్తే ఓవర్‌టైం పోతుంది కాబట్టి, వచ్చిన రోజుకు ఆరు దిర్హాముల చొప్పున సర్కారు ఇస్తుంది. ఎనిమిది నెలల హాజరు పట్టీ నా ముందు పెట్టారు. అరవై పేర్లు. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. నీలం సిరా, నల్ల సిరా, అక్కడక్కడ పెన్సిలు. ఒకడికి మూడు రోజులు జ్వరం, ఇంకొకడికి పంటినొప్పి. టీ మరక కూడా ఉంది. నిజం పట్టీ ఏదీ ఇంత నిజంగా ఉండదు.

నాకు ఒక అలవాటుంది. ఏ పట్టీ చేతికొచ్చినా తేదీల పైన వారాల మొదటి అక్షరాలు పెన్సిలుతో రాసుకుంటాను. క్వారీలో వచ్చిన అలవాటు. శుక్రవారం లారీలు తిరగవు, తిరిగినట్టు రాస్తే ఎవడో డీజిల్ తాగినట్టు. ఈ పట్టీ మీద కూడా రాశాను. మొదటి నెల పూర్తి కాకముందే పెన్సిలు కింద పెట్టేశాను. శుక్రవారాలన్నీ హాజరు. ఆదివారాలన్నీ ఎర్రగీత, సెలవు. ఎనిమిది నెలల్లో ముప్పై నాలుగు శుక్రవారాలు, ఒక్కటీ వదల్లేదు. గల్ఫ్‌లో పుట్టిన పిల్లి కూడా శుక్రవారం పనికి పోదు. ప్రతి పేజీ కిందా ప్రిన్సిపాల్ సంతకం ఉంది. అంటే చదివి పెట్టిన సంతకం ఒక్కటీ లేదు.

పట్టీ రాసింది ఆఫీసు క్లర్కు, గోదావరి జిల్లా మనిషి, మెడలో చిన్న సిలువ ఉండేది. నాకంటే చిన్నవాడే అయినా బడి ఉద్యోగం చేసి వచ్చాడని అందరూ మాస్టారు అనేవారు. టీ తనే కలిపి ఇచ్చేవాడు.

"మాస్టారూ, మీ పిలగాండ్లు శుక్రవారం గూడ చదువుతరా?" అని అడిగాను.

"చదవకేమండీ. క్రమశిక్షణ అలాంటిదండీ మాది" అన్నాడు చెంచా తిప్పుతూ.

"ఆదివారం ఒక్కడు గూడ రాడేంది మరి?"

"ఆదివారం ఎలా వస్తారండీ, సెలవు కదా..."

అక్కడ ఆగాడు. చెంచా మాత్రం తిరుగుతూనే ఉంది.

"మీరు చర్చికి ఎన్నడు పోతరు?"

"శుక్రవారమేనండీ. ఇక్కడ ఆరాధన శుక్రవారమే కదండీ."

"ఇక్కడికొచ్చి ఎన్నేండ్లు?"

"ఆరేళ్ళండీ." టీ గ్లాసు నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెయ్యి రాసేసిందండీ. పదకొండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో రిజిస్టర్లు రాశాను. నెల మొదట్లో తేదీలేసుకుని ఆదివారాలకి ఎర్రగీత కొట్టేయడమే. మూడు రోజుల్లో అరవై మందికి ఎనిమిది నెలలు రాయమంటే బుర్రెక్కడ పనిచేస్తదండీ, చెయ్యే పనిచేస్తది."

"అరవై మంది యాడికెల్లి వచ్చిన్రు?"

"పందొమ్మిది మంది నిజంగానే ఉన్నారండీ. మిగతా నలభై ఒకటీ మా ఊరివాళ్ళు. పేర్లు గుర్తున్నవాళ్ళందర్నీ వేసేశాను. అందులో ఇద్దరు పోయారు కూడానండీ."

"పోయినోళ్ళకు పంటినొప్పి గూడ పెట్టినవా?"

"పంటినొప్పి మా బావగారికండీ. ఆయన బతికే ఉన్నారు."

ఈ మాటలు ముదీర్‌కు చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. "దొంగతనం ప్రిన్సిపాల్‌ది, సెలవులు మీ దేశానివి" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ పూట నా అంత తెలివైనవాడు గల్ఫ్‌లో లేడనుకున్నాను. అదే ఊపులో ముసాయిదా రిపోర్టులో ఒక వాక్యం రాశాను: "ఈ హాజరు పట్టీలోని ఏ ఒక్క పేరునూ నమ్మడానికి వీలు లేదు." రాసి రెండుసార్లు చదువుకున్నాను, అంత బాగుందనిపించింది. ముసాయిదా సర్కారు ఆఫీసుకు పోయింది.

రెండో శుక్రవారం నా గదికి ఒకతను వచ్చాడు. మా జగిత్యాల వైపు మనిషే, ముప్పై దాటినవాడు, సైటులో సలాకలు కట్టే పని. వెల్డింగ్ బ్యాచ్‌లోని పందొమ్మిది మందిలో ఒకడు.

"అన్నా, లెక్కలు చూసెటాయన మనోడే అని ఇన్న. మా పైసలు వస్తయా?"

"ఎంత రావాలె నీకు?"

"నూట తొంభై ఆరు క్లాసులైనయి. నేను నాలుగు దినాలే పోలే. మొదట్ల అందరికీ యాభై యాభై ఇచ్చి దస్కతు తీసుకున్నరు. తర్వాత దినాం బుక్రా అంటున్నరు. ఆ బుక్రా ఎనిమిది నెలల సంది వస్తనే ఉన్నది."

బుక్రా అంటే రేపు. అతని మాట విని నేను మనసులోనే లెక్క కట్టాను. నూట తొంభై రెండు ఆర్లు పదకొండు వందల యాభై రెండు. యాభై తీసేస్తే పదకొండు వందల రెండు.

"పదకొండు నూర్లు కాదన్నా నాకు ముఖ్యం" అన్నాడు. "వెల్డర్ పరీక్షకు మూడు నూర్ల ఫీజు. స్టైపెండుల కోసుకుంటమన్నరు. నా అగ్రిమెంటు ఇంక రెండు నెలలే. వెల్డర్ కాయితం ఉంటె కంపెనీ మల్ల రాసుకుంటది. లేకుంటె ఖలాస్, విమానం ఎక్కుడే."

మూడు వందలు నా దగ్గర ఉన్నాయి. ఇవ్వలేదు. ఆడిట్‌కు పోయినవాడు అక్కడివాళ్ళతో డబ్బు ఇచ్చిపుచ్చుకోరాదని మా ఆఫీసు నియమం. నియమం ముదీర్ పెట్టిందే, కానీ దాని చాటున నిలబడింది నేను.

"నువ్వు క్లాసుకు పోయినట్టు రుజువేమన్న ఉందా?" అని అడిగాను. అడిగిన తర్వాత నాకే సిగ్గేసింది. అతని చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి.

"మమ్ముల తీస్కపొయ్యే వ్యాన్ డ్రైవరు ఏదో రాసుకుంటడన్నా" అన్నాడు.

డ్రైవరు పఠాన్. పెట్రోలు డబ్బు తలకింత చొప్పున వచ్చేది కాబట్టి ప్రతి ట్రిప్పుకూ ఎంతమంది ఎక్కారో జేబు నోటుబుక్కులో రాసుకునేవాడు. పేర్లు లేవు, తలలు మాత్రమే: పద్దెనిమిది, పందొమ్మిది, పదహారు. శుక్రవారాలు ఖాళీ. ఆదివారాలు నిండుగా ఉన్నాయి. నూనె మరకలు పడ్డ ఆ చిన్న పుస్తకంలో వారాలు తప్పిన తేదీ ఒక్కటి లేదు. ఆ కాలేజీలో నేను చూసిన ఏకైక లెక్కల పుస్తకం అదే, దాన్ని రాసినవాడు లెక్కల మనిషి కాదు. మొత్తం కూడితే మూడు వేల నాలుగు వందల పన్నెండు తలలు వచ్చాయి.

ఆ నోటుబుక్కుకు నకలు తీసి, పందొమ్మిది మంది నిజమైనవాళ్ళని, వాళ్ళకు బాకీ ఇవ్వాలని ఇంకో కాగితం రాసుకుని దుబాయ్ వెళ్ళాను. ముదీర్ చదివి పక్కన పెట్టాడు.

"డ్రైవరు జేబులోది వోచరు కాదు" అన్నాడు.

"మనుషులు ఉన్నరు సార్. పిలిస్తె వస్తరు."

"ఏ ఒక్క పేరునూ నమ్మడానికి వీలు లేదని రాసింది ఎవరు?"

నేను నా కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకు జరిపాను.

"సర్కారువారికి ఆ వాక్యం చాలా నచ్చింది. ఫోన్ చేసి మరీ చెప్పారు. నచ్చిన వాక్యాన్ని ఇప్పుడు తప్పంటే మన ఆఫీసును ఏమంటారు?"

నా కాగితాన్ని రిపోర్టు వెనక చివరి పేజీగా జతపరచడానికి మాత్రం ఒప్పుకున్నాడు. చివరి పేజీలు ఎవరు చదువుతారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నెల తిరగకుండా నిర్ణయం వచ్చింది. హాజరు పట్టీ అబద్ధం కాబట్టి సాయంత్రం బ్యాచ్ అబద్ధం. బ్యాచ్ లేదు కాబట్టి విద్యార్థులు లేరు. లేనివాళ్ళకు బాకీ ఉండదు. కాలేజీ లక్షా నలభై వేల ఆరు వందలు తిరిగి కట్టాలి. కట్టడమంటే ప్రిన్సిపాల్ జేబులోంచి కాదు, వచ్చే ఏడాది గ్రాంటులో అంత తగ్గించి ఇస్తారు. దొంగ తిన్నదాన్ని వచ్చే ఏడాది పిల్లల కంచంలోంచి తీసి జమ కట్టారు. ఇక తొమ్మిది వందల యాభై సంగతి. దానికి పందొమ్మిది సంతకాలతో వోచరు సక్రమంగా ఉంది కాబట్టి చెల్లిన ఖర్చుగా ఒప్పుకున్నారు. ఒకే పేజీలో పై పేరాలో ఆ మనుషులు లేరు, కింది పేరాలో వాళ్ళు డబ్బు తీసుకుని సంతకం పెట్టారు. ఆ పేజీని టై కట్టుకున్నవాళ్ళు ఎంతమంది చదివారో లెక్కపెట్టలేదు. ఒక్కరికీ నవ్వు రాలేదని మాత్రం తెలుసు.

ప్రిన్సిపాల్ ఏసీలు అయిదూ తిరిగి పంపాడు, మంచివాడనిపించుకున్నాడు. క్లర్కును తీసేశారు. పోయే ముందు అతను నాకు ఉత్తరం రాశాడు, తప్పంతా తన చేతిదేనని. నిజానికి ఆ చెయ్యి పొరపాటున ఒక్క నిజం చెప్పింది, దాన్ని పట్టుకుని నేను ఇంకో అబద్ధం రాశాను.

సలాకలు కట్టే అతను ఎవరి దగ్గరో అప్పు చేసి మూడు వందలు తెచ్చి పరీక్షకు కట్టబోయాడు. అక్కడి గుమాస్తా జాబితా తీసి చూపించాడట, ఆడిట్ ప్రకారం అటువంటి బ్యాచ్ లేదని. అతను నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నేను లేనంట."

"నా కాయితం ఎనకాల జతపెట్టిన తమ్మీ..."

"ఎనకాల పెట్టినవ్ గద. మంచిగున్నది" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. అంటే బాగుండేది. అగ్రిమెంటు అయిపోయిన వారానికి కంపెనీ అతన్ని విమానం ఎక్కించింది. మిగిలినవాళ్ళు ఒకరు షార్జా, ఒకరు జెబెల్ అలీ, ఎటువాళ్ళు అటు చెదిరిపోయారు.

ఆ తర్వాత నేను ఏ రిపోర్టులోనూ బాగున్న వాక్యం రాయలేదు. ఏటా జనవరిలో సర్కారు ఆఫీసుకు ఒక అర్జీ పెడతాను. అందింది అని ముద్ర వేసి నకలు నా చేతికిస్తారు. ఇప్పటికి ఆరు నకళ్ళు జమ అయ్యాయి. అర్జీలో మాటలు ఏటా తగ్గిస్తూ వచ్చాను, మొన్నటిదాంట్లో మూడు పంక్తులే ఉన్నాయి. పందొమ్మిది మంది, మూడు వేల నాలుగు వందల పన్నెండు హాజర్లు, హాజరుకు ఆరు చొప్పున ఇరవై వేల నాలుగు వందల డెబ్బై రెండు. అందులో ముట్టింది తొమ్మిది వందల యాభై. ఈ రోజుకు బాకీ పందొమ్మిది వేల అయిదు వందల ఇరవై రెండు దిర్హాములు.