సాంబ్రాణి చాటున ఫార్మలిన్

ఆ శనివారం మధ్యాహ్నం ఆంటీ ఇంటి తలుపు తెరుచుకోగానే ముందు సాంబ్రాణి పొగ తగిలింది. దాని వెనకే ఫార్మలిన్ వాసన. నా ఒళ్లు మండిపోయింది. రోగుల శరీరాల నుంచి కోసి పంపిన ముక్కల్ని పరీక్షించే డాక్టర్ని నేను. అవి కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపుతారు. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీళ్లలో కరిగిస్తే వచ్చేదే అది. ల్యాబులో అయితే సరే, ఇప్పుడది వంటింట్లోంచి వస్తోంది. ఆ వంటింట్లో ఆస్తమా ఉన్న నా కూతురు ఉంది.

ఆంటీ మాకు చుట్టమేమీ కాదు. ఐర్లండ్‌లోని మన తెలుగువాళ్లలో మనకంటే పెద్ద ఆడవాళ్లందరూ మనకు ఆంటీలే. ఎవరింట ఫంక్షన్ వచ్చినా వారం ముందే ఆడవాళ్లంతా ఆవిడ వంటింట్లో చేరతారు. గోరింటాకు, బ్లౌజులు, ఈమధ్య కొత్తగా జుట్టు స్ట్రెయిట్‌నింగ్. హైదరాబాద్ నుంచి ఎవరి సూట్‌కేసులోనో మందు తెప్పించుకుని ఇంటింటికీ తిరిగి చేసే అమ్మాయి ఒకామె ఉంది. నా కూతురిది ఉంగరాల జుట్టు. క్లాసులో ఎవరికీ లేని జుట్టు తనకే ఎందుకని రోజూ దాని గొడవ. నేను డ్యూటీలో ఉండగా, నాకొక్క మాటైనా చెప్పకుండా, ఆంటీ దాన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. డ్యూటీ దిగాక కూతురి మెసేజ్ చూసి వచ్చాను.

వెచ్చదనం పోతుందని కిటికీలన్నీ బిగించేశారు. ఆ అమ్మాయి మందు రాసిన జుట్టును పాయలు పాయలుగా తీసి, కాలుతున్న ఐరన్ మధ్య పెట్టి లాగుతోంది. లాగినప్పుడల్లా పొగ లేస్తోంది. కుర్చీ కింద పళ్లెంలో సాంబ్రాణి. తలంటు పోసుకున్న జుట్టుకు సాంబ్రాణి వేయడం మన ఇళ్లలో ఉన్నదే. కళ్లు మండించే వాసనను కప్పిపెట్టడానికి, తలుపులు మూసుకుని, ఊపిరాడని పిల్ల కాళ్ల దగ్గర సాంబ్రాణి వేసిన మహాతల్లిని మాత్రం ఆరోజే చూశాను.

"ఏమవుద్దమ్మా, కాసేపు ఓర్చుకుంటే పోద్ది. అందరం చేయించుకున్నవాళ్లమే" అంది ఆంటీ.

"ఐయామ్ గ్రాండ్, మామ్" అంది నా కూతురు. బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లు అనే తీరు అది. ఆ నాలుగు మాటల మధ్యే పిల్లికూతలు వినిపించాయి. దాని భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి.

ప్లగ్గు పీకేశాను. కిటికీలు తెరిచి, దాన్ని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లాను. సన్నగా వాన పడుతోంది. తడి బల్ల మీద కూర్చోబెట్టి ఇన్‌హేలర్ నోట్లో పెట్టాను. మళ్లీ పెట్టాను. సగం తల నున్నగా, సగం తల ఉంగరాలుగా, పెదాలు పాలిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. దాని ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది. భుజాలు దిగాక ఆంటీని దాని పక్కన కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి నోరు విప్పాను.

మందు సీసా చేతిలోకి తీసుకున్నాను. దాని మీద ఫార్మాల్డిహైడ్ లేదని పెద్దక్షరాలతో రాసి ఉంది. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మిథిలీన్ గ్లైకాల్ అని ఉంది. నీళ్లలో కలిసిన ఫార్మాల్డిహైడ్‌కు అది ఇంకో పేరు. వేడి తగిలితే మళ్లీ వాయువై లేచి కళ్లను, గొంతును, ఊపిరి గొట్టాలను పట్టుకుంటుంది. మా దగ్గర ముక్కలు కుళ్లకుండా చేసేదీ, శవాలను నిలవ ఉంచేదీ, చెక్కపొట్టును అతికించి బల్లలు చేసే జిగురులో ఉండేదీ అదే. మాంసకృత్తుల్ని ఒకదానికొకటి బిగించేస్తుంది. జుట్టు నిటారుగా నిలబడేది అందుకే. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్ రావచ్చు. మేము గాలి లాగేసే యంత్రం ముందు నిలబడి, గ్లవ్స్ తొడుక్కుని ముట్టుకునే సరుకిది. దీన్ని పోపు డబ్బా పక్కన పెడతావా, పసిపిల్ల నెత్తిన పోస్తావా అని ఆ అమ్మాయి మీద అరిచాను. చదువుకున్నదానివేనా అని కూడా అన్నాను.

ఆ అమ్మాయి ఐరన్‌కు వైరు చుట్టుకుంటూ అంతా విన్నది. మొహానికి గుడ్డ కూడా లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గంత భయమేం లేదు మేడమ్" అంది నెమ్మదిగా. "మొదట్ల నాక్కూడా కండ్లల్ల నీళ్లు కారేవి. ఇప్పుడైతే వాసనే తెలుస్తలేదు. మొన్న పొయ్యి మీద పాలు మాడిపోయినా తెల్వలే. అలవాటైతది."

నన్ను నమ్మించడానికి చెప్తోంది ఆ మాట. ఇందులో ప్రమాదం లేదనడానికి తన ముక్కునే సాక్ష్యం తెచ్చింది. నా నోట్లో సిద్ధంగా ఉన్న తిట్లు అక్కడే ఆగిపోయాయి. కోపం ఆగలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"వాసన పోయిందంటే అలవాటు కాదమ్మా, లోపల దెబ్బ తగిలిందేమో. సోమవారమే మీ జీపీ డాక్టర్ దగ్గరికి వెళ్లు" అన్నాను.

"పోతే ఏం పని చేస్తున్నవని అడుగుతడు కద మేడమ్. నా వీసా మీద పని చెయ్యొద్దు" అంది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ సీసా ఇయ్యుండ్రి. ఇంకో ఇంట్ల ఇద్దరు పిల్లలు కూసోని ఉన్నరు."

నేను ఇవ్వలేదు.