పెరుగన్నం తినే భీముడు

అద్దె ఇంటి కోసం అబద్ధమాడినవాళ్లు చాలామందే ఉంటారు. కుక్క తరఫున కూడా ఆడి, చివరికి ఒక పచ్చని కాపురంలో నిప్పు పెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. వినండి, నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు నేను బ్రహ్మచారిని. అందులోనూ కుక్క ఉన్న బ్రహ్మచారిని. నేరేడ్‌మెట్ నుంచి తిరుమలగిరి దాకా ఒక్కరూ ఇల్లివ్వలేదు. ఆఖరికి పద్మారావు నగర్‌లో ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు వేలాడుతున్న మేడమీది గది కనిపించింది. నేను పుట్టు శాకాహారినే. కోడికాళ్లు కొరికి పెరిగిన మా భీముడితోనే చిక్కు.

“నువ్వు సరే బిడ్డా, మరి గీ కుక్క?” అన్నారు ఇంటావిడ సుశీల ఆంటీ.

“పెరుగన్నం తప్ప ముట్టదండీ!”

భీముడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

“ముట్టినా ఫికర్ లేదు. ఆర్నెల్లు సావాసం జేస్తే వారు వీరైతరు. కానీ నీసు వాసనొస్తే మాత్రం గది ఖాళీ చెయ్యాలె.”

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు. నేను ఆ తోక పట్టుకునే ఇల్లు సంపాదించాను.

వారం తిరిగేసరికి భీముడి పక్కటెముకలు తేలాయి. పెరుగన్నం గిన్నె ముందు వాడు దిగులుగా కూర్చునేవాడు. అప్పుడే ఆంటీ భర్త నరహరి అంకుల్, నుదుట బొట్టు చెరగని పెద్దమనిషి, దేవుడిలా వచ్చారు. “నీకు ఆఫీసుల లేటైతది గద. పొద్దుమీకి నేను వాకింగ్ తీస్కపోత.”

అంతే, భీముడు నిగనిగలాడటం మొదలుపెట్టాడు!

“సూడుండ్రి, పెరుగన్నం తిని ఎట్ల మెరుస్తుండో!” అని ఆంటీ భజన బృందానికంతా చూపించారు. నేనూ తక్కువ తినలేదు. కుక్కలకు శాకాహారమే శ్రేష్ఠమని ఆఫీసులో ఉపన్యాసాలిచ్చాను. నా మాట నమ్మి ఒకాయన తన కుక్కకు బీరకాయ పెట్టి, చెయ్యి కరిపించుకున్నాడు కూడా.

ఒకనాడు అంకుల్‌కు మోకాలు నొప్పి. భీముణ్ణి ఆంటీ, నేను తీసుకెళ్లాం. మలుపు తిరగగానే వాడు మా ఇద్దర్నీ ఈడ్చుకుపోయి, కబాబులు కాలుస్తున్న బండి ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

“అరే భీమ్! ఇయ్యాల సార్ రాలేదా?” అన్నాడు బండాయన. తర్వాత ఆంటీ వైపు తిరిగి, “రోజు లెక్కనే పొట్లం కట్టాల్నా అమ్మా? సార్‌కు మసాలాతోటి, దీనికి మసాలా లేకుండ?” అని అడిగాడు.

ఇంటి గడప దాటగానే ఆంటీ అంకుల్‌ను నిలదీశారు.

“ఏందీ కథ? కబాబులు తింటున్నవా?”

అంకుల్ భీముడి వైపు వేలు చూపించారు. “నేను వద్దంటనే ఉన్న. గదే గుంజుకపోయింది!”

“ఉల్లిగడ్డ సుత ముట్టని మనిషిని కుక్క ఖరాబ్ చేసింది. రేపే ఖాళీ చెయ్ బిడ్డా!”

మర్నాడు సామాను ఆటోలో వేసుకుని వెళ్తూ బండి దగ్గర ఆగాను. భీముడికి ఆ మాత్రం వీడ్కోలు ఉండాలి కదా.

“సార్ మంచిగున్నడా?” అన్నాడు బండాయన. “మా నాయిన బండి నడిపిన కాలం నుంచి మా గిరాకీ ఆయన.”

అక్కడే భీముడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఇక ఈ జన్మలో నా కడుపుకు తప్ప మరొకరి కడుపుకు పూచీ పడను. కొత్త ఇంటాయన “కుక్క ఏం తింటది?” అని అడిగితే, “దాన్నే అడగండి” అన్నాను.